విల్లు, అంబుల తయారీ – రేనాడు, నల్లమల

ఒకే కొయ్యనుంచో ఒకే వెదురు బద్దనుంచో కత్తి, గొడ్డలివంటి చేతి పనిముట్లతో విల్లు చెక్కి, చెట్టు నారతో అల్లెతాడు పేని, కాడలను నిప్పు మీద సాపు చేసి అంబులు కట్టడం మనిషి నేర్చిన పాత విద్యల్లో ఒకటి. ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాన్ని పూర్వం రేనాడు అనేవారు. అక్కడ ఈ విద్య ఆనవాళ్లు ఇప్పుడు రాతిలోనూ గుడిగోడల మీదా స్థలపురాణాల్లోనూ కనిపిస్తాయి. రేనాటికి ఉత్తరాన మొదలయ్యే నల్లమలలో మాత్రం చెంచులు దీన్ని ఇరవయ్యో శతాబ్దం దాకా బతుకుతెరువుగా నిలుపుకున్నారు. చెక్క నేలలో నిలవదు. చెదలు, వాన, ఎండ దాన్ని మిగల్చవు. అందుకే మన నేల మీద విల్లు చరిత్ర చెప్పాలంటే విల్లు చుట్టూ ఉన్న రాయిని, ఇనుమును, నారను, కొలుపును చూడాలి.

తొలి ఆనవాళ్లు

డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో దొరికిన విల్లు దాదాపు 9,000 ఏళ్ల నాటిది. ఇప్పటిదాకా దొరికిన అతి పురాతన విండ్లలో అదొకటి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ‘ఓట్జి’ అనే పురాతన మనిషి పక్కన, ఇంకా చెక్కడం పూర్తికాని 1.82 మీటర్ల విల్లు, పద్నాలుగు అంబులు ఉన్నాయి. వాటిలో రెండే వాడకానికి సిద్ధమైనవి. ఈ రెండు చోట్లా చెక్కను కాపాడినవి బురద, మంచు. రాయలసీమ ఎండకు అలాంటి దయ లేదు.

అయినా మన దగ్గర రాయి మిగిలింది. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, జుర్రేరు లోయలోని ఒక కొండచరియ కింద దొరికిన సూక్ష్మ శిలా పనిముట్లు దాదాపు 35,000 ఏళ్ల నాటివని తేలింది. భారతదేశంలో ఇంత పాతవి, ఇంత దీర్ఘకాలం ఎడతెగకుండా సాగినవి మరోచోట అరుదు. గోరంత పొడవున్న ఈ రాతి పలుగులను కొయ్య పిడికో కాడకో జిగురుతో అతికి వాడేవారు. అవన్నీ అంబు ములుకులేనని చెప్పలేం. కొన్ని బల్లెం మొనకు, కొన్ని కోత పనికి పోయి ఉంటాయి. కానీ తేలికైన కాడ కొసన చిన్న పదునైన మొన పెట్టే ఆలోచన ఇక్కడ ఎంత పాతదో వాటివల్ల తెలుస్తుంది.

ఎర్రగుంట్లకు పొరుగునే ఉన్న ముద్దనూరు మండలం చింతకుంటలో ఎరుపు, తెలుపు రంగుల్లో వేసిన రాతి చిత్రాలున్నాయి. ఎద్దులు, జింకలు, పక్షులు, మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డట్టు కనిపించే ఆ గుండ్లు రాయలసీమ ఆదిమ చిత్రకళకు పెద్ద నిధి. కొండ జంతువుల కదలికను అంత దగ్గరగా పట్టుకున్నవారు వేటగాళ్లే అయ్యుంటారని చూసినవారికి అనిపించకపోదు.

రాత చరిత్ర ఇదే నేల మీద మొదలవుతుంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం. వేయించిన రేనాటి చోడుడి పేరు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. మహాభారతంలో ఆ పేరు విలుకాడైన అర్జునుడిది. రాజుకు అదే పేరు పెట్టిన కాలానికే విల్లు ఇక్కడి వీరుడి ఊహలో పీట వేసుకుంది.

గ్రంథాల్లో వెదురు విల్లు

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆయుధాగారం గురించి చెప్పేటప్పుడు విండ్లను పదార్థాన్ని బట్టి విడదీస్తుంది. తాటి కొయ్య, వెదురు, చెక్క, కొమ్ము. వీటిలో వెదురుతో చేసినదానికి కోదండం అని పేరు. నారికి పనికివచ్చేవాటిలో మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, జంతువుల నరం కనిపిస్తాయి. ఈ జాబితాను చెంచు గూడెంలోనో కోయ పల్లెలోనో చదివి వినిపిస్తే అక్కడి పెద్దలకు కొత్తగా అనిపించేది ఏదీ ఉండదు. రాజుల ఆయుధశాలకు లెక్క రాసిన పండితుడూ అడవిలో బతికిన వేటగాడూ ఒకే పొదను నమ్ముకున్నారు.

బయటివాళ్లూ ఇదే చూశారు. క్రీ.పూ. 480లో పారశీక రాజు వెంట యుద్ధానికి వెళ్లిన భారతీయులు నూలు బట్టలు కట్టి, వెదురు విండ్లు, ఇనుప మొనలున్న వెదురు అంబులు పట్టారని హెరోడోటస్ రాశాడు. అలెగ్జాండర్ కాలపు కథనాల ఆధారంగా అర్రియన్ చెప్పినదాని ప్రకారం, ఇక్కడి కాల్బలపు విల్లు మనిషంత ఎత్తుంటుంది. దాని ఒక కొనను నేలకు ఆనించి, ఎడమ పాదంతో అదిమి నారి లాగుతారు.

అమరావతి శిల్పాల్లో, తర్వాతి గుడుల్లో కనిపించే రెండు వంపుల విల్లు వేరు. అది రాజసానికి, సౌందర్యానికి చెక్కింది. కొన్నిచోట్ల కొమ్ము, నరం, చెక్క పొరలను జిగురుతో అతికించిన ఖరీదైన విల్లుకు ప్రతిరూపం. పల్లె వేటగాడి విల్లు నారి విప్పితే దాదాపు సాపుగా నిలబడే ఒంటి బద్ద. శిల్పాన్ని చూసి మన ఊరి విల్లు అలాగే ఉండేదనుకుంటే పొరపాటు.

బద్ద ఎంచుకోవడం, చెక్కడం

విల్లు పనిలో సగం కొయ్యను ఎంచుకోవడంలోనే ఉంది. తూర్పు కనుమల్లో ఎక్కువ వాడింది లోపల బోలు తక్కువగా, గోడ మందంగా ఉండే గట్టి వెదురు. ముదిరిన గడ కావాలి. ఏడాది లేతగడ వంగుతుంది కానీ తిరిగి నిలవదు. గడలను చీకటి పక్షంలో నరికితే పుచ్చు పట్టదని అడవి పల్లెల్లో గట్టి నమ్మకం. వెదురును తొలిచే పురుగుకు ఆహారం దాని లోపలి పిండి పదార్థం. కొట్టిన గడను నీళ్లలో నానబెట్టే అలవాటుకు కారణం ఇదే. నానినప్పుడు ఆ పిండి కొంత కారిపోతుంది.

చెక్కే కొయ్యల్లో తడ చెట్టుకు పేరుంది. చరచి అన్నా అదే. కొండ వాలుల్లో పెరిగే ఈ చెట్టు చేవ బలంగా ఉండి సాగే గుణం కలది. సంస్కృతంలో దీన్ని ధన్వనం అన్నారు. గొడ్డలి కామలకు, బండి కర్రలకు కూడా ఇదే వాడేవారు. దెబ్బకు ఓర్చి తిరిగి నిలబడే కొయ్య రెండు పనులకూ కావాలి మరి.

లాగినప్పుడు విల్లు వీపు, అంటే వేటవైపు ఉండే ముఖం, సాగుతుంది. విలుకాడి వైపు ఉండే కడుపు నొక్కుకుపోతుంది. వెదురులో నార పీచు చర్మం దగ్గర దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. అందుకే గట్టి చర్మాన్ని వీపుగా పెట్టి, చెక్కే పనంతా లోపలి వైపే చేస్తారు. వీపు మీద కత్తి గాటు పడితే అక్కడి పీచు తెగి, నారి లాగిన రోజున విల్లు అక్కడే చిట్లుతుంది. కణుపులను బలవంతంగా నున్నగా చేయకుండా కాస్త ఉబ్బుగానే వదులుతారు. చెక్క విల్లుకైతే కాండం పొడుగునా ఒకే వార్షిక వలయం వీపుగా నిలిచేలా పై పొరలు తీస్తారు. పీచు పోయిన దారిన కత్తి పోవాలి తప్ప కత్తి గీసిన దారిన పీచు రాదు.

మధ్యన పిడి దళసరిగా, కొనలవైపు క్రమంగా సన్నగా చెక్కాలి. ఇందులోనే పనివాడి చేయి తెలుస్తుంది. ముందు పొడుగు తాడు వదులుగా కట్టి కొద్దిగా లాగుతారు. రెండు రెక్కలూ ఒకేలా వంగుతున్నాయా అని చూస్తారు. ఎక్కువ వంగినచోటును ముట్టుకోరు. వంగనిచోట కొద్దిగా గీకుతారు. మళ్లీ లాగుతారు. తొందరపడి ఒకేసారి పూర్తి బారు లాగితే బద్దలో ఒక బలహీనమైన చోట మడతపడి, విల్లు అక్కడితో చచ్చిపోతుంది. గీకి తీసిన పొర తిరిగి రాదు గనుక ఓపిక తప్ప మరో మార్గం లేదు. పని లేనప్పుడు నారి విప్పి ఉంచడం, అప్పుడప్పుడూ నూనె రాయడం విల్లు ఆయుష్షును పెంచుతాయి.

అల్లెతాడు

నారి ఎంత తక్కువ సాగితే విల్లు అంత జోరుగా వదులుతుంది. సాగే తాడు విల్లు బలాన్ని తానే తినేస్తుంది. చాగనార ఇందుకు పెట్టింది పేరు. పొదల కింద నీడలో కత్తుల్లాంటి దళసరి ఆకులతో పెరిగే మొక్క ఇది. ఆకును రాతి మీద గీకి గుజ్జు తీస్తే తెల్లని బలమైన పీచు వస్తుంది. పూర్వగ్రంథాల మూర్వ ఇదేనని వృక్షశాస్త్రజ్ఞులు చాలామంది గుర్తించారు. క్షత్రియ వటువుకు మూర్వతో పేనిన మొలతాడు కట్టాలని మనుస్మృతి చెప్పడంలోని ఉద్దేశం వింటినారిని గుర్తుచేయడమే. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ పద్దెనిమిదో శతాబ్దం చివర కోరమండల్ తీరపు మొక్కలను బొమ్మలతో నమోదు చేసినప్పుడు దీన్నీ చేర్చాడు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ తన నిఘంటువులో ఎక్కించుకున్న మాటల్లో చాగ ఒకటి.

గోదావరి, మధ్య భారత అడవుల్లో తాడుకు బదులు వెదురు పేడునే నారిగా కట్టే పద్ధతి ఎక్కువ. గట్టి చర్మం నుంచి సన్నగా చీల్చిన పేడు రెండు కొసలకు నార చుట్టి ముడి వేస్తారు. అది వానకు బిగుసుకోదు, సాగదు.

అంబు

విల్లు కాస్త వంకర ఉన్నా పనిచేస్తుంది. అంబు వంకరైతే పనికిరాదు. సన్నని వెదురు కాడలను, గట్టి రెల్లు జాతి కాడలను నీడలో ఆరబెట్టి, నిప్పు సెగ చూపించి వేళ్లతో సాపు చేస్తారు. నారి గుచ్చుకునే గాటును కణుపుకు దగ్గరగా పెడతారు. లేకపోతే మొదటి దెబ్బకే కాడ చీలుతుంది. కాడ మరీ మెత్తగా ఉంటే వదిలినప్పుడు ఊగిపోతుంది. మరీ బిరుసైతే పిడిని తగిలి పక్కకు పోతుంది. ఒక విల్లుకు చేసిన అంబు మరో విల్లు మీద గురి తప్పేది ఇందుకే.

ములికిని కమ్మరి కొలిమిలోంచి తెచ్చుకునేవారు. దాని తోకను కాడలోకి దిగ్గొట్టి, నారతో బిగించి, లక్క పోస్తారు. అడవిలోని వేటగాడికి ఊరి కమ్మరితో, ఊరికి అడవి తేనెతో, జిగురుతో ముడి పడింది ఈ ఇనుప ముక్క దగ్గరే. పక్షులకు మొద్దు కొస ఉన్న చెక్క అంబు చాలు. పెద్ద పక్షుల ఈకలను చీల్చి గరులుగా కడితే అంబు గాలిలో తిన్నగా పోతుంది.

కొలుపులో విల్లు

ఒంటిమిట్ట కోదండరాముడి గుడి కడప జిల్లాలో విల్లు పేరు మోసే పెద్ద క్షేత్రం. సీత దాహం తీర్చడానికి రాముడు నేలలోకి బాణం వేస్తే నీరు పుట్టిందని అక్కడి తీర్థం గురించి చెబుతారు. గుడిని మొదలుపెట్టినవారు ఒంటుడు, మిట్టుడు అనే బోయలని స్థలకథ. పెన్న ఒడ్డున పుష్పగిరి చెన్నకేశవ ఆలయ గోడలమీద, వేటగాడి వేషంలోని శివుడితో అర్జునుడు తలపడే కిరాతార్జునీయం చెక్కారు. లేపాక్షిలో పదహారో శతాబ్దపు వర్ణచిత్రంగా అదే కథ ఉంది. ధూర్జటి కావ్యంలోని తిన్నడు, కన్నప్పగా మారిన బోయ విలుకాడు, రాజంపేట దగ్గరి ఊటుకూరువాడేనని అక్కడివారి విశ్వాసం. ఈ కథల్లో దేవుడు వేటగాడిగానో వేటగాడి దగ్గరికో దిగివస్తాడు. రాయలసీమ భక్తికి బోయ, చెంచు విల్లు ఇచ్చిన రూపం ఇది. దీన్ని పండితులు తగినంతగా పట్టించుకోలేదు.

అహోబిలంలో ఈ బంధం ఇప్పటికీ బతికే ఉంది. సంక్రాంతి తర్వాత నరసింహస్వామి చుట్టుపక్కల ముప్పైకి పైగా పల్లెలు తిరిగే పారువేట ఉత్సవంలో, చెంచులు స్వామి పల్లకి మీదికి బాణం వేశాకే యాత్ర కదులుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి వారికి అల్లుడు. అల్లుడి పల్లకి మీదికి వేసే బాణం చుట్టరికాన్ని చాటే మర్యాద.

తుపాకుల కాలం, తర్వాత

విల్లును యుద్ధంలోంచి తప్పించింది మందుగుండు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టాడు. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కోటలో ఫిరంగులు పోత పోస్తుండగా చూశాడు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను అణచివేశాడు. విల్లు ఇక వేటకు, అడవికే మిగిలింది.

అయినా 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడిన అల్లూరి సీతారామరాజు దళంలో విల్లంబులు పట్టిన మన్యం మనుషులున్నారు. మూడు స్టేషన్లలో వాళ్లకు 26 తుపాకులు దొరికాయి. అంబుతో తుపాకిని గెలవలేమని వారికి తెలుసు. అందుకే మొదట వెళ్లింది తుపాకుల కోసం.

మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య గడిపి, 1943లో వారి మీద పుస్తకం వెలువరించాడు. చెంచు మగవాడి భుజాన విల్లు ఎప్పుడూ ఉన్నా, కుటుంబం కడుపు నింపింది ఎక్కువగా ఆడవాళ్లూ మగవాళ్లూ కొసకు ఇనుము తొడిగిన కర్రతో తవ్వి తెచ్చిన గడ్డలేనని అతని వర్ణన స్పష్టం చేస్తుంది. వేటగాళ్ల జాతి అని ముద్ర వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా ఒప్పుకుని ఆదివాసులకు దాని మీద హక్కు ఇచ్చింది, వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. వెదురు కొట్టుకోవచ్చు, విల్లు చెక్కుకోవచ్చు, జంతువు మీద వేయకూడదు. అడవిని, పులిని కాపాడటానికి ఆ నిషేధం అవసరమే. కానీ దానివల్ల ఒక తరం చేతిపని మరో తరానికి అందే దారి మూసుకుపోతోంది. శ్రీశైలంలోని చెంచులక్ష్మి గిరిజన మ్యూజియంలో విల్లంబులను చూడవచ్చు. వంగే రెక్కను వేలితో పట్టి చూసి బద్దను గీకే నేర్పు మాత్రం చూపుతో రాదు.

క్రీడలో విల్లుకు కొత్త జీవితం వచ్చింది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విల్లు లోహపు చక్రాలతో పనిచేసే కాంపౌండ్ విల్లు. జాతీయ పోటీల్లో దాని పక్కనే ‘ఇండియన్ రౌండ్’ అనే విభాగం ఉంది. అందులో 50, 30 మీటర్ల దూరాలకు క్రీడాకారులు వెదురు విల్లుతోనే గురి చూస్తారు.