బ్లాక్ ఘోస్ట్ నైఫ్ ఫిష్

బ్లాక్ ఘోస్ట్ నైఫ్ ఫిష్ (ఆప్టెరోనోటస్ ఆల్బిఫ్రాన్స్) దక్షిణ అమెరికా నదుల్లో, ముఖ్యంగా అమెజాన్ పరీవాహక ప్రాంతంలో జీవించే నిశాచర మంచినీటి చేప. లిన్నేయస్ 1766లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. గరిష్ఠ పొడవు సుమారు 50 సెం.మీ. కత్తి అలుగులా పలచనైన నల్లటి ఒళ్లు, తోకపై రెండు తెల్లటి పట్టీలు దీని గుర్తులు. వీపు రెక్క, కటి రెక్కలు ఉండవు. పొట్ట కింద పొడవునా సాగిన రెక్కను అలలా కదిలిస్తూ ముందుకూ వెనక్కూ ఒకే తీరుగా ఈదుతుంది.

తోక భాగంలోని విద్యుదంగం సెకనుకు దాదాపు 1,000 సార్లు బలహీన విద్యుత్ స్పందనలు వెలువరిస్తుంది. చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రంలోని మార్పులను చర్మంలోని గ్రాహకాలు పసిగట్టడంతో చీకట్లోనూ ఎర దొరుకుతుంది. కంటిచూపు పాత్ర స్వల్పం.

ఇంటి అక్వేరియంలో దీనికి 23–28 డిగ్రీల సెల్సియస్ నీరు, మెత్తని ఇసుక, మసక వెలుతురు అవసరం. దుకాణాల్లో అమ్మే వేలెడంత పిల్లకు చిన్న తొట్టి చాలినట్టు కనిపించినా, పెద్దదానికి కనీసం 400 లీటర్లు కావాలి. పగలు పీవీసీ గొట్టంలో దాక్కుని, దీపాలార్పాక రక్తపురుగులు, రొయ్యముక్కలు తింటుంది. సొంతజాతి చేపలతో పోట్లాడుతుంది. మరీ చిన్న చేపలను మింగేస్తుంది. రాగి కలిసిన మందులు హానికరం.