సంతరావూరు గోదాము నుంచి నూనె సీసా దాకా

బెజవాడ నుంచి కంకిపాడు మీదుగా బందరు వెళ్లే దారి ఒకప్పుడు జిల్లా కచేరీకి పోయే దారి. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేసినప్పుడు కలెక్టరు కొలువు బందరులోనే. ఆ కలెక్టరు ఏలుబడిలో ఈ తరం నమ్మలేని పంటొకటి ఉండేది. బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు, సంతరావూరు ప్రాంతంలో రైతులు బాహాటంగా గంజాయి పండించేవారు. తర్వాత సర్కారు లైసెన్సులు పెట్టింది, సంతరావూరులో గోదాము పెట్టింది, సుంకం వసూలు చేసింది. 1904లో గుంటూరు మళ్లీ విడి జిల్లా అయ్యేదాకా అది కృష్ణా జిల్లా సరుకే.

ఆ రోజుల్లోనే, 1893లో, గంజాయి మంచిచెడ్డలు తేల్చడానికి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. 1,193 మంది సాక్షులను విచారించి, మరుసటి ఏడాది ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని కనిపించలేదని, మితిమీరితే చేటని అందులో రాశారు. ఇవాళ కాలేజీ కుర్రాళ్లు చాలామంది ఆ మొదటి సగాన్నే పట్టుకుని వాదిస్తారు. ఆ వాదన నాకు భయం కలిగిస్తుంది. కమిషన్ ముందు సాక్షులు చెప్పింది చిలుంలో పీల్చే గంజాయి గురించి, తాగే భంగు గురించి, యార్కండ్ నుంచి పంజాబుకు దిగే చరస్ గురించి. ఇప్పుడు చిన్న సీసాల్లో అమ్ముతున్న హాష్ ఆయిల్, అంటే గంజాయి నుంచి తీసిన చిక్కటి సారం, ఆ సంపుటాల నాటిది కాదు.

సారం తీస్తే ఏమవుతుందో చూసిన డాక్టరు మాత్రం అంతకు యాభై ఏళ్ల ముందే ఉన్నాడు. విలియం ఒషానెసీ కలకత్తా మెడికల్ కాలేజీ ప్రొఫెసరు. తర్వాత ఈ దేశంలో తంతి తీగలు వేయించిందీ ఆయనే. 1839 ప్రాంతంలో ఆయన కీళ్లవాతం రోగులకు గంజాయి బంకను ఒక్కొక్క గ్రెయిను, అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, ఇచ్చాడు. ఒక రోగి మొదట గలగలా మాట్లాడాడు, పాటలు పాడాడు. రాత్రయ్యేసరికి ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. చెయ్యి ఎలా ఎత్తి పెడితే అలాగే నిలిచిపోయింది. డాక్టరు కంగారుపడ్డాడు. రోగి కోలుకున్నాడు. తరవాత ఇంగ్లండులో అదే మందు పది, పన్నెండు గ్రెయిన్లు ఇస్తే గానీ పనిచెయ్యలేదు. ఒక సీసాకూ మరో సీసాకూ పొంతన లేదు. కొలత కుదరని ఆ గుణం వల్లే వైద్యులకు దానిమీద క్రమంగా నమ్మకం పోయి, 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా నుంచి తీసేశారు. అసలు మత్తు పదార్థం టీహెచ్‌సీని మెషూలమ్, గావోని ఇజ్రాయెల్‌లో వేరుచేసింది 1964లో. కొలవడం అప్పటికిగానీ చేతకాలేదు.

ఇక ఈ కాలానికి వస్తే, మన్యం గంజాయి కథ అందరికీ తెలిసిందే. 2021లో పోలీసులు ‘పరివర్తన’ పేరుతో ఏడువేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. కానీ గంజాయి మూటకు బరువుంది, వాసన ఉంది. అదే పదుల కిలోల ఆకూ పువ్వూ సారంగా మారితే ఒక సంచి మూలలో ఇమిడిపోతుంది. హాష్ ఆయిల్ పుట్టడానికి ఈ రవాణా సౌలభ్యం ఒక పెద్ద కారణం. కొనేవాడి ఆరోగ్యం ఎవరి లెక్కలోనూ లేదు.

ఈ నూనెలో టీహెచ్‌సీ సగానికి పైగా ఉండొచ్చు. ఏ సీసాలో ఎంతుందో అమ్మేవాడికే తెలియదు. 2019లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన పరిశోధన యూరప్, బ్రెజిల్‌లలోని పదకొండు చోట్ల జరిగింది. పది శాతానికి పైగా టీహెచ్‌సీ ఉన్న సరుకును రోజూ వాడేవారికి, ఎన్నడూ ముట్టనివారితో పోలిస్తే, సైకోసిస్ వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లని తేలింది. లేని గొంతులు వినబడటం, ఇంట్లోవాళ్లే విషం పెడుతున్నారని అనుమానించడం, నిద్ర పూర్తిగా పోవడం దాని లక్షణాలు. అదే ఏడాది అమెరికాలో వేప్‌లలో నింపిన నూనెలో విటమిన్ ఈ అసిటేట్ కలిపారు. ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. మరో బాధ 2004లో ఆస్ట్రేలియా వైద్యులు గుర్తించింది: ఏళ్ల తరబడి గంజాయి వాడినవారికి ఆగని వాంతులు, వేన్నీళ్లు పోసుకుంటే తప్ప ఉపశమనం ఉండదు. గ్యాస్ట్రిక్ అనుకుని ఎండోస్కోపీల చుట్టూ తిరిగే కుటుంబాలకు అసలు సంగతి చెప్పేవారుండరు. పిల్లవాడు నోరు విప్పడు.

గంజాయికీ ఈ నూనెకూ ఉన్న తేడాను చట్టమూ గుర్తించింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం హాషిష్ ఆయిల్‌ను గంజాయితో కాక చరస్‌తో కలిపి చూస్తుంది. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, ఈ నూనె ఒక్క కిలో దాటితేనే. అప్పుడు పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల కఠిన శిక్ష, కనీసం లక్ష జరిమానా. కొద్దిపాటి డబ్బుకు ‘ఈ సీసాలు ఫలానా చోట ఇచ్చిరా’ అంటే ఒప్పుకునే కుర్రాడికి ఈ లెక్క ఎవరూ చెప్పరు. చిన్న సీసాలు కాబట్టి చిన్న కేసు అనుకుంటాడు.

కంకిపాడు చుట్టుపక్కల హాస్టళ్లలో, అద్దె గదుల్లో పిల్లల్ని ఉంచిన తల్లిదండ్రులు గంజాయి వాసన కోసం వెతికితే సరిపోదు, నూనెకు ఆ వాసన తక్కువ. నిద్ర, తిండి, మాటతీరు మారాయేమో చూడాలి. మారితే కొట్టకుండా, వెలివేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే, 2024లో రాష్ట్రం ఏర్పాటు చేసిన మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ నంబరు 1972.