మద్రాసు కంటే ముందున్న ఊరు
శాంథోమ్ నుంచి పరంగిమలై దాకా ఒక సైకిల్ దారి

ఏటా ఆగస్టు 22న చెన్నై తన పుట్టినరోజు జరుపుకుంటుంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన ఇసుక తీరంతో ఈ నగరం మొదలైందని బడి చదువుల నుంచి వింటున్నాం. అందులో అబద్ధం లేదు గానీ, అది సగం కథే. ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్న చోటికి దక్షిణంగా అయిదు కిలోమీటర్ల దూరంలో, అప్పటికే వందేళ్లు నిండిన పోర్చుగీసు పట్నం ఒకటుంది. అదే శాంథోమ్. దానికో సముద్రతీరం, పక్కనే మైలాపూరు, నైరుతిన అడయారు నది, నది దాటాక ఒక కొండ ఉన్నాయి. ఈ నాలుగూ కలిస్తేనే ఆ ఊరు. నేడు మనం వాటిని వేర్వేరు చర్చిలుగా, వేర్వేరు బస్టాపులుగా చూస్తున్నాం కాబట్టి ఊరు కనిపించదు. తీరం నుంచి కొండ దాకా ఉన్న సుమారు పన్నెండు కిలోమీటర్లను ఒక్క బిగిన సైకిల్ మీద దాటితే ఆ పాత పట్నం ఆకారం తెలుస్తుంది. మద్రాసు ఎందుకు అక్కడే పుట్టిందో కూడా తెలుస్తుంది.

ముందు ఆధారాలు చూద్దాం. వాస్కోడగామా కాలికట్ చేరింది 1498లో. మరో పాతికేళ్లకల్లా, అంటే 1520ల తొలినాళ్లకు, పోర్చుగీసులు మైలాపూరు తీరంలో స్థిరపడ్డారు. గోవాలాగా ఇక్కడ రాజప్రతినిధి లేడు, పెద్ద సైన్యం లేదు. కొలువు వదిలిన సైనికులు, వర్తకులు, మతగురువులు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. కోరమాండల్ బట్టను మలక్కాకు ఎగుమతి చేసి బతికారు. వాళ్లున్నది విజయనగర రాజ్యంలో. ఆ రాజ్యం కన్నెర్రజేస్తే నిలబడే శక్తి వాళ్లకు లేదని 1550ల చివర్లో అళియ రామరాయలు దండెత్తి వచ్చి కప్పం వసూలు చేసుకుపోయినప్పుడే తేలిపోయింది. అయినా ఊరు పెరిగింది. 1572లో అచ్చయిన పోర్చుగీసు కవి కమోయిన్స్ మహాకావ్యం పదో సర్గలో మైలాపూరు ప్రస్తావన ఉంది. 1606లో మైలాపూరు సొంత బిషప్పున్న డయాసిస్ అయింది.

ఇంగ్లీషువాళ్లు ఈ ఊరి పొరుగుకు రావడం యాదృచ్ఛికం కాదు. వాళ్లకు అప్పటికే మన నెల్లూరు తీరంలో దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ స్థావరం ఉండేది. అక్కడ సరుకు సరిగా కుదరక ఫ్రాన్సిస్ డే దక్షిణాన మరో చోటు వెతికాడు. శాంథోమ్ పరిసరాల్లో బట్ట చవకగా దొరుకుతుందని తన పైవాళ్లకు నచ్చజెప్పాడు. నేతగాళ్లు, దుబాసీలు, తీరం ఎరిగిన పడవవాళ్లు, యూరోపియన్లతో బేరమాడటం తెలిసిన వర్తకులు, అందరూ ఆ పోర్చుగీసు ఊరి చుట్టూ ముందే ఉన్నారు. కొత్త కోటలోకి శాంథోమ్ పోర్చుగీసు కుటుంబాలను పిలిచి మరీ చోటిచ్చారు. వాళ్ల ప్రార్థనల కోసం 1642లోనే ఒక ఫ్రెంచి కపూచిన్ గురువు కోటలో ఉండిపోయాడు. తొలినాటి మద్రాసులో వ్యాపార భాషగా పోర్చుగీసే చెల్లింది. కాబట్టి మద్రాసు ఖాళీ ఇసుకలో మొలిచిన నగరం కాదు, శాంథోమ్ పంచన పెరిగిన నగరం.

ఇక దారి. శాంథోమ్ బసిలికా దగ్గర బయల్దేరాలి. ఇప్పటి తెల్లని గోథిక్ కట్టడం 1896లో పూర్తయింది, పోర్చుగీసుల చర్చి స్థలంలోనే. అక్కడి నుంచి కచేరీ రోడ్డు మీదుగా మైలాపూరు గుడి చెరువు పక్కనుంచి లజ్ చర్చి చేరడానికి సైకిల్ మీద పది నిమిషాలు చాలు. చర్చిలోని శాసనం 1516 అంటుంది. పోర్చుగీసు స్థిరనివాసం 1520ల్లో మొదలైంది కదా అని కొందరు చరిత్రకారులు ఆ ఏడాదిని శంకిస్తారు. తేదీ ఏదైనా, స్థానికులు దాన్ని ‘కాట్టుకోవిల్’, అంటే అడవి గుడి, అన్నారు. ఇప్పుడు నగరం నడిబొడ్డున ఉన్న ఆ చోటు ఒకప్పుడు ఊరి చివరి అడవి అన్నమాట. తీరం నుంచి రెండు కిలోమీటర్లు తొక్కేసరికే పదహారో శతాబ్దపు ఊరి పొలిమేర వచ్చేస్తుంది. ఆళ్వార్‌పేటలో డిమాంటీ కాలనీ పేరు వినిపిస్తుంది. 1821లో చనిపోయిన పోర్చుగీసు సంతతి వర్తకుడు జాన్ డిమాంటీ తన ఆస్తిని మైలాపూరు డయాసిస్‌కు రాసిచ్చాడు. ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్నాక కూడా పోర్చుగీసు సంపద, మతం ఇక్కడ ఎంతకాలం నిలిచాయో దాన్నిబట్టి గ్రహించవచ్చు.

నందనం దాటాక మౌంట్ రోడ్డు నదిని దాటే చోట కాసేపు ఆగాలి. ఇప్పుడున్నది 1966 నాటి మరైమలై అడిగళ్ వంతెన. దాని చోట అంతకుముందు 1726లో కోజా పెట్రస్ ఉస్కన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు సొంత డబ్బుతో కట్టించిన మార్మలాంగ్ వంతెన ఉండేది. కొండెక్కడానికి మెట్లూ ఆయనే వేయించాడు. ఇంగ్లీషు పట్నంలో కాపురమున్న ఆర్మేనియన్, పోర్చుగీసు చర్చికి వెళ్లే భక్తుల కోసం నది మీద వంతెన వేశాడంటే, కోటనూ కొండనూ కలిపిన అవసరాల్లో తీర్థయాత్రకు ఎంత బలముందో ఆలోచించండి. వంతెన దిగగానే చిన్నమలై. 1551లో పోర్చుగీసులు చర్చి కట్టిన ఆ రాతిగుట్టలో చిన్న గుహ ఉంది. యేసు శిష్యుడైన సెయింట్ థామస్ ఈ తీరానికి వచ్చి అందులో తలదాచుకున్నాడని నమ్మకం.

అక్కడి నుంచి గిండీ, కత్తిపారా మీదుగా సెయింట్ థామస్ మౌంట్. స్థానికుల నోట పరంగిమలై. ఎత్తు 300 అడుగులు. 1523లో పోర్చుగీసులు ఇక్కడ చర్చి కట్టారు. 1547లో అక్కడే మళ్లీ పునాదులు తవ్వుతుంటే ఒక రాతి శిలువ బయటపడింది. ఇప్పుడు అది బలిపీఠం గోడలో ఉంది. దగ్గరికెళ్లి చూస్తే శిలువ అడుగున ఆకుల అల్లిక, పైన కిందికి దిగుతున్న పావురం, చుట్టూ కమానులా సాగిన అక్షరాలు కనిపిస్తాయి. అవి పోర్చుగీసూ కావు, లాటినూ కావు. పర్షియాలో వాడిన పహ్లవీ లిపి. అంటే వాస్కోడగామాకు కొన్ని శతాబ్దాల ముందే పర్షియన్ క్రైస్తవులకు ఈ తీరంతో సంబంధముంది. ఈ కొండ మీదే పోర్చుగీసు కథ తన పూర్వకథను తానే తవ్వి తీసింది. తర్వాతి కాలానికీ కొండే ఆధారమైంది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ భారత మహా త్రికోణమితి సర్వేకు మొదటి ఆధారరేఖను ఈ కొండ దగ్గరే కొలవడం మొదలుపెట్టాడు.

ఇంత చిన్న కొండ కోసం ఇంత యాత్ర ఎందుకని ఎవరైనా అడగొచ్చు. పోర్చుగల్‌తో పోల్చి చూద్దాం. అక్కడ 1991లో మొదలైన పథకం కింద కొండప్రాంతపు పాత ఊళ్లను ‘చారిత్రక గ్రామాలు’గా గుర్తించారు. ఇప్పుడవి 12. వాటిని కలుపుతూ సుమారు 600 కిలోమీటర్ల చుట్టుదారి ఉంది. నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ దారి చూపే గుర్తులు ఉన్నాయి. ఆ ఊళ్లలో ఒకటైన బెల్మోంట్‌లోనే 1500లో కాలికట్ వచ్చిన కాబ్రాల్ పుట్టాడు. అదే ప్రాంతంలోని సెర్రా ద ఎస్త్రేలా శిఖరం 1,993 మీటర్లు. మన కొండ వంద మీటర్లు కూడా లేదు. అయితే ఆ దారి విలువ ఎత్తులో లేదు, ఊరికీ ఊరికీ ఉన్న సంబంధాన్ని కాళ్లకు తెలిసేలా చేయడంలో ఉంది. చదునైన తీరంలో ఒకే ఒక్క ఎత్తుగా నిలిచిన కొండ సముద్రం మీది నావికుడికి గుర్తు, సర్వేయరుకు ఆధారం, భక్తుడికి గమ్యం. పన్నెండు కిలోమీటర్లు చదునుగా తొక్కి వచ్చిన మనిషికి ఆ చివరి ఎక్కుడు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

కారులో గంటలో చూసేయొచ్చు కదా అనేది మరో అభ్యంతరం. చూడొచ్చు, కానీ కారు ఒక గుమ్మం నుంచి మరో గుమ్మానికి చేరుస్తుంది, మధ్యనున్నది చూపదు. ఇక్కడ చరిత్రంతా మధ్యలోనే ఉంది: పాత పొలిమేర, నది దాటే చోటు, కొండ దూరం. నడక ఇంకా మంచిదే, కానీ ఎండలో పన్నెండు కిలోమీటర్లు అందరి వల్లా కాదు. ఆ రెంటికీ మధ్య తగిన వేగం సైకిల్‌ది. పైగా 1949 నుంచి అంబత్తూరులో సైకిళ్ల ఫ్యాక్టరీ నడిచిన నగరమిది. సైకిల్ చెన్నైకి కొత్త కాదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఆక్రమణకు వచ్చినవాళ్ల జ్ఞాపకాల వెంట మనం ఎందుకు తిరగాలి? ఇది న్యాయమైన ప్రశ్న. కపాలీశ్వరుడి పాత గుడి తీరంలోనే ఉండేదని, పోర్చుగీసుల కాలంలో పోయిందని మైలాపూరు నమ్మకం. శాంథోమ్ ప్రాంతంలో దొరికిన పాత గుడి శాసనాల ముక్కలు ఆ నమ్మకానికి బలమిస్తాయి. ఆ నష్టాన్ని దాచే యాత్ర అయితే చేయకూడదు. కానీ ఇదే దారి పోర్చుగీసుల పరాజయాన్నీ చూపిస్తుంది. 1662లో గోల్కొండ సేనలు శాంథోమ్‌ను పట్టుకున్నాయి. 1672లో ఫ్రెంచివాళ్లు ఆక్రమించారు. రెండేళ్లకు గోల్కొండ, డచ్చివాళ్లు కలిసి వాళ్లను వెళ్లగొట్టారు. తర్వాత గోల్కొండ వాళ్లు కోట గోడలను కూల్చేశారు. అక్కడ ఇప్పుడు కోట కనిపించకపోవడానికి కారణం అదే. రామరాయల దండయాత్ర, దామెర్లవారి దానపత్రం, కుతుబ్‌షాహీల ముట్టడి లేకుండా ఈ తీరం చరిత్ర లేదు. అందుకే ఇది పరాయి చరిత్ర కాదు, తెలుగు చరిత్రలో ఒక భాగం. సెయింట్ థామస్ నిజంగా వచ్చాడా అన్న ప్రశ్నకు కూడా యాత్ర కట్టుబడి లేదు. నమ్మినవారు మొక్కుకుంటారు. నమ్మనివారికి పహ్లవీ శిలువ చాలు.

ఎండ, ట్రాఫిక్ అన్నవి నిజమైన ఇబ్బందులే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారం తెల్లవారుజామున బయల్దేరితే మొదటిది తగ్గుతుంది. రెండోది పాలకుల చేతిలో ఉంది. 2014లోనే చెన్నై కార్పొరేషన్ మోటారు లేని ప్రయాణానికి ప్రత్యేక విధానం ఆమోదించింది. ఆ విధానానికి ఈ పన్నెండు కిలోమీటర్ల దారి కంటే మంచి పరీక్ష లేదు. శాంథోమ్, లజ్, మరైమలై అడిగళ్ వంతెన, చిన్నమలై, పరంగిమలై దగ్గర తమిళం, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో అయిదు ఫలకాలు పెట్టి, ఆదివారం ఉదయాల్లో ఒక పక్క రోడ్డును సైకిళ్లకు వదిలితే చాలు, పెద్ద ఖర్చేమీ లేదు. చెన్నైకి వచ్చే తెలుగు పాఠకులు మెరీనా, షాపింగులతో పాటు ఒక ఉదయం ఈ దారికి కేటాయించాలి. వీలుంటే మర్నాడు ఉత్తరాన ప్రళయకావేరి, అంటే పులికాట్, దాకా వెళ్లాలి. అక్కడా పోర్చుగీసులు, వాళ్ల తర్వాత 1613లో కోట కట్టిన డచ్చివాళ్లు తమ గుర్తులు వదిలారు. మద్రాసు వయసు 1639 నుంచి లెక్కపెట్టడం మానక్కర్లేదు. దానికి ముందున్న శతాబ్దాన్ని కూడా మన లెక్కలో చేర్చుకుందాం.