పాఠం 9: తుపాకి మందు, తూటా, లైసెన్సు - నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంత చరిత్రలో ఆయుధ సరఫరా

9.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
- భర్మార్ తుపాకి పనిచేసే తీరును, దానికి కావలసిన సామగ్రిని వివరించగలుగుతారు.
- ఆయుధ సరఫరాకూ రాజకీయాధికారానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
- తెలంగాణ సాయుధ పోరాటంలోని దశలను సరఫరా కోణం నుంచి విశ్లేషించగలుగుతారు.
- మౌఖిక ఆధారాలను సేకరించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

9.1 పరిచయం

తెలంగాణ రైతాంగ పోరాటం గురించి మీరు ఇంతకుముందు పాఠాలలో చదివారు. వెట్టిచాకిరి, దేశ్‌ముఖుల భూములు, ఆంధ్రమహాసభ, సంఘం వంటి విషయాలు మీకు పరిచయమే. ఆ పాఠాలలో "ప్రజలు ఆయుధాలు పట్టారు" అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. చాలామంది విద్యార్థులు ఆ వాక్యాన్ని చదివి ముందుకు వెళతారు. మనం ఇక్కడ ఆగి ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. ఆ ఆయుధాలు ఏవి? వాటిలో పోసే మందు ఎక్కడిది?

ఈ ప్రశ్న చూడటానికి చిన్నదే. అయితే ఒక పోరాటం ఎంతకాలం నిలుస్తుంది, ఎక్కడ నిలుస్తుంది, ఎవరిపై నిలుస్తుంది అనే విషయాలను నిర్ణయించేది తరచుగా ఇదే. తుపాకి ఒకసారి దొరికితే ఏళ్ళ తరబడి ఉంటుంది. మందు మాత్రం పేల్చిన ప్రతిసారీ ఖర్చవుతుంది. కాబట్టి తుపాకి ఎవరిదనే దానికంటే మందు ఎవరి చేతిలో ఉన్నదనేది ముఖ్యమైన ప్రశ్న.

9.2 భర్మార్ తుపాకి: పనిచేసే తీరు

గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకిని మన ప్రాంతంలో భర్మార్ అంటారు. ఉర్దూలో 'భర్‌నా' అంటే నింపడం, 'మార్‌నా' అంటే కొట్టడం. నింపి కొట్టేది కాబట్టి భర్మార్ అయింది. నాటు తుపాకి అనే మాట కూడా వాడుకలో ఉంది. తుపాకి మందులో ఉండేవి మూడు పదార్థాలు: సురేకారం, గంధకం, బొగ్గు.

ఈ తుపాకిలో మందును అంటించే పద్ధతి కాలక్రమంలో మారింది. ఆ మార్పును నాలుగు దశలుగా గుర్తుంచుకోండి.

(అ) వత్తి తుపాకి: నిప్పు రాజుకుంటున్న వత్తితో మందును అంటించేవారు.
(ఆ) చెకుముకి తుపాకి: చెకుముకి రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ పుట్టేది.
(ఇ) టోపీ తుపాకి: 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో వచ్చింది. చిన్న రాగి టోపీలో ఉన్న పేలుడు పదార్థం దెబ్బకు మండి మందును అంటిస్తుంది.
(ఈ) తూటా తుపాకి: మందు, గుండు, అంటించే సాధనం మూడూ ఒకే తూటాలో ఉంటాయి. గొట్టం వెనక నుంచి నింపుతారు. 19వ శతాబ్ది రెండో సగంలో ఇది సైన్యాలలో స్థిరపడింది.

1857 తిరుగుబాటులో కొవ్వు పూసిన తూటాల వివాదాన్ని మీరు చదివారు. ఆ ఎన్‌ఫీల్డ్ తుపాకి కూడా మూతి నుంచి నింపేదే. కాగితపు పొట్లాన్ని పంటితో చించి మందును గొట్టంలో పోయవలసి రావడం వల్లనే ఆ వివాదం పుట్టింది.

ఈ నాలుగు దశలలో ఒక వరస కనిపిస్తుంది. వత్తి తుపాకికి కావలసినవన్నీ ఊళ్ళోనో, దగ్గరి సంతలోనో దొరికేవి. టోపీ తుపాకికి మందు, సీసం స్థానికంగా దొరికినా టోపీ మాత్రం కర్మాగారం నుంచి రావాలి. తూటా తుపాకికి అన్నీ కర్మాగారం నుంచే రావాలి. తుపాకి మెరుగుపడిన కొద్దీ దాన్ని వాడేవాడు దుకాణం మీద, ఆ దుకాణానికి అనుమతి ఇచ్చే ప్రభుత్వం మీద ఆధారపడటం పెరిగింది. ఈ పాఠానికి ఇదే మూలసూత్రం.

9.3 హైదరాబాద్ రాజ్యంలో ఆయుధాలు

హైదరాబాద్ నగరంలోని గన్‌ఫౌండ్రీ ప్రాంతం పేరు మీకు తెలిసే ఉంటుంది. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్ది చివరలో అక్కడ ఫిరంగులు పోతపోయించాడు. తోప్ కా సాంచా అనే పేరు అలా వచ్చింది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ సంవత్సరమే రేమండ్ మరణించాడు. అతడు తీర్చిదిద్దిన ఫ్రెంచి దళాలను కంపెనీ నిరాయుధం చేసింది. సొంతంగా ఆయుధాలు తయారుచేసుకొనే రాజ్యం ఇతరుల సైన్యంపై ఆధారపడే రాజ్యంగా మారింది. మనం పైన చెప్పుకొన్న సూత్రం రాజ్యాలకు కూడా వర్తిస్తుందని గమనించండి.

బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసింది. యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. జాతీయోద్యమ నాయకులు ఈ వివక్షను పలుమార్లు ఖండించారు. హైదరాబాద్ రాజ్యం గ్రామాలలో వివక్ష మరో రూపంలో ఉండేది. దొర గడీలో తుపాకి ఉండేది. రైతు చేతిలో వడిసెల ఉండేది. జొన్నచేను మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి వాడే ఆ వడిసెలే తరవాత పోరాట ఆయుధమైంది. గడీలో గోడకు వేలాడే తుపాకి పేలకపోయినా పనిచేసేది. అది ఉన్నదన్న భయమే వెట్టిని నడిపించేది.

9.4 సాయుధ పోరాటం: మందు ఎక్కడిది?

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఊరేగింపుగా వచ్చిన ప్రజల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. ఈ దశలో ప్రజల బలం సంఖ్యలోనే ఉంది. స్త్రీలు కారం పొడితో, రోకళ్ళతో ఎదిరించిన సంఘటనలు ఆ కాలపు జ్ఞాపకాలలో విరివిగా కనిపిస్తాయి.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అప్పటి నుంచి ఆయుధాల అవసరం తీవ్రమైంది. వాటికి ప్రధానంగా మూడు మార్గాలు ఉండేవి.

మొదటిది, గ్రామాలలో ఉన్న భర్మార్లు. గడీల నుంచి, పటేళ్ళ ఇళ్ళ నుంచి స్వాధీనం చేసుకొన్నవి కూడా ఇందులో చేరతాయి. రెండోది, పోలీసుల నుంచి, రజాకార్ల నుంచి గుంజుకొన్న రైఫిళ్ళు. మూడోది, సరిహద్దు. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. నల్లగొండ జిల్లా మధ్యలో ద్వీపంలా ఉన్న మునగాల పరగణా కూడా ఆ కృష్ణా జిల్లాలో భాగమే. నల్లగొండ తూర్పు తాలూకాలలో పోరాటం బలంగా ఉండటానికి ఈ సరిహద్దు ఒక కారణం. మహబూబ్‌నగర్ జిల్లాలో 1947లో ఆత్మకూరు సమీపంలోని అప్పంపల్లిలో రైతులు పోలీసు కాల్పులకు బలయ్యారు. అక్కడ అన్యాయం తక్కువేమీ కాదు. సంస్థానాలు, జాగీర్ల భారం కూడా ఉండేది. అయినా సాయుధ దళాలు అక్కడ నల్లగొండలో ఉన్నంత విస్తృతంగా ఏర్పడలేదు. దీనికి సంఘ నిర్మాణంలోని తేడా ముఖ్య కారణం. సరఫరా మార్గాలలోని తేడాను కూడా దానితో కలిపి చూడాలి.

భర్మార్‌కు ఒక సౌలభ్యం ఉంది. దాని మందుకు, గుండ్లకు కర్మాగారం అక్కరలేదు. దాని లోపాలూ అంతే స్పష్టం. ఒకసారి పేల్చాక మళ్ళీ నింపడానికి సమయం పడుతుంది. వానకు మందు తడుస్తుంది. దూరం పోదు. రైఫిల్‌కు ఈ లోపాలు లేవు గాని తూటాలు అయిపోతే అది కర్రతో సమానం. కాబట్టి దళాలు రాత్రి పూట, దగ్గరి నుంచి, అకస్మాత్తుగా దాడి చేసి తప్పుకొనే పద్ధతిని అనుసరించాయి. గెరిల్లా పద్ధతిని సిద్ధాంతంగానే చదవకండి. తూటాల కొరత కూడా ఆ పద్ధతిని నేర్పింది.

నాయకత్వం ఇచ్చిన లెక్క ప్రకారం గ్రామ దళాలలో సుమారు 10,000 మంది, గెరిల్లా దళాలలో సుమారు 2,000 మంది ఉండేవారు. ఈ రెండు అంకెల మధ్య తేడాకు అనేక కారణాలు ఉన్నా, అందరికీ సరిపడా తుపాకులు లేకపోవడం అందులో ఒకటని మనం ఊహించవచ్చు.

ఇదే సమయంలో నిజాం ప్రభుత్వానికీ సరఫరా సమస్య ఉంది. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరినా భారత ప్రభుత్వం నుంచి ఆయుధాలు అందలేదు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ మీదుగా రహస్యంగా విమానాలలో ఆయుధాలు చేరవేశాడు. గుడిసెలో రైతు, కోటలో నిజాం ఇద్దరూ ఒకే ప్రశ్నతో సతమతమయ్యారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. టోపీ తుపాకి వాడేవారు దేనికోసం కర్మాగారంపై ఆధారపడవలసి వచ్చింది?
2. మునగాల పరగణా భౌగోళిక ప్రాముఖ్యం ఏమిటి?

9.5 1948 తరవాత

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి ప్రవేశించింది. ఒక దళం షోలాపూర్ వైపు నుంచి, మరొకటి విజయవాడ వైపు నుంచి నడిచింది. 17వ తేదీన నిజాం లొంగిపోయాడు. దీనితో పోరాట పరిస్థితి మొత్తం మారింది. సరిహద్దు అనేది అర్థం కోల్పోయింది. రెండు వైపులా ఒకే ప్రభుత్వం, ఒకే సైన్యం. దళాలు నల్లమల అడవులకు, గోదావరి తీర అడవులకు తరలవలసి వచ్చింది. రజాకార్ల బెడద తొలగడంతో ప్రజలలో ఒక భాగం పోరాటం ముగిసిందని భావించింది. పోరాటాన్ని కొనసాగించాలా వద్దా అనే చర్చ నాయకత్వంలోనూ తీవ్రంగా జరిగింది. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు. తరవాతి ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. నెహ్రూకు వచ్చిన ఓట్ల కంటే ఆయనకు ఎక్కువ ఓట్లు వచ్చాయి.

ఓటమికి మందు కొరత ఒక్కటే కారణమని రాస్తే అది తప్పు సమాధానం. రాజకీయ మద్దతులో వచ్చిన మార్పే ప్రధానమైనది. మందు లేని తుపాకి కొంతకాలం దాక్కోగలదు. ప్రజల ఆదరణ లేని దళం ఆ మాత్రం కూడా నిలవలేదు.

9.6 నేటి పరిస్థితి

స్వతంత్ర భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం అమలులోకి వచ్చింది. భర్మార్ పాతది కదా అని దానికి మినహాయింపు లేదు. అది కూడా లైసెన్సు కావలసిన ఆయుధమే. మందును, టోపీలను లైసెన్సు ఉన్న దుకాణంలోనే, లైసెన్సులో రాసిన పరిమితిలోనే కొనాలి. పేలుడు పదార్థాలకు 1884 చట్టం ఇప్పటికీ ఆధారం.

అమెరికాలో పద్ధతి వేరు. 1898లోగాని అంతకుముందుగాని తయారైన తుపాకులను అక్కడి సమాఖ్య చట్టం పురాతన వస్తువులుగా పరిగణిస్తుంది. క్రీడా వినోదాలకు వాడే నల్ల తుపాకి మందును 50 పౌన్ల వరకు, అంటే సుమారు 23 కిలోల వరకు, సమాఖ్య అనుమతి లేకుండా కొనవచ్చు. వేట, విహార సామగ్రి అమ్మే పెద్ద దుకాణాలలో అది దొరుకుతుంది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. ఒకే సాధనం ఒక దేశంలో సెలవురోజు వినోదం; మరొక దేశంలో పోలీసు రికార్డులో చేరవలసిన వస్తువు. ఈ తేడా వెనక రెండు దేశాల చరిత్ర ఉంది. 1857 తరవాతి నిరాయుధీకరణ, 1878 చట్టం మన వైపు చరిత్రలోని భాగాలు.

9.7 మౌఖిక ఆధారాలు: మీరు చేయగల పని

ఈ విషయంపై రాతపూర్వక ఆధారాలు ఎక్కువగా రెండు రకాలు: ప్రభుత్వ రికార్డులు, నాయకుల జ్ఞాపకాలు. మొదటిదాంట్లో రైతు నేరస్థుడిగా కనిపిస్తాడు. రెండోదాంట్లో వీరుడిగా కనిపిస్తాడు. మందును గంపలో దాచి తెచ్చిన మనిషి, తడవకుండా కుండలో దాచిపెట్టిన ఇల్లాలు ఈ రెండింటిలోనూ అరుదుగానే కనిపిస్తారు. ఆనాడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు ఎనభై దాటింది. మీలో చాలామంది ఈ జిల్లాల పల్లెల నుంచే చదువుకుంటున్నారు. విశ్వవిద్యాలయానికి వచ్చి ఆచార్యులు చెప్పలేని విషయాన్ని మీ అమ్మమ్మ, మీ వీధి చివరి తాత చెప్పగలరు. ఈ అవకాశం ఎంతోకాలం ఉండదు.

అడిగేటప్పుడు తేదీలతో మొదలుపెట్టకండి. "ఆ ఏడు పంట ఎట్ల పండింది? రాత్రి ఎవరొచ్చేవారు? ఏం వండిపెట్టేవారు?" అని అడగండి. చెప్పినదాన్ని చెప్పిన మాటల్లోనే రాసుకోండి. మరొకరు చెప్పినదానితో సరిచూడండి. దళాల చేతిలో నష్టపోయిన కుటుంబాల మాట కూడా వినండి. ఇష్టం లేని వారిని ఒత్తిడి చేయవద్దు.

ఒక హెచ్చరిక. ఎవరింట్లోనైనా అటక మీద పాత తుపాకిగాని, మందు డబ్బాగాని కనిపిస్తే ముట్టుకోవద్దు. పాతబడినంత మాత్రాన మందు చచ్చిపోదు. గొట్టంలో దట్టించిన మందు అలాగే ఉండిపోయి ఉండవచ్చు. ఆ ఇంటివారిచేత పోలీసు స్టేషన్‌కు తెలియజేయించండి. చరిత్రకు కావలసింది ఆ తుపాకి వెనక ఉన్న కథ. తుపాకిని చేతిలోకి తీసుకోనక్కరలేదు.

9.8 సారాంశం

భర్మార్ తుపాకి స్థానిక వనరులతో పనిచేసే ఆయుధం. తూటా తుపాకి వచ్చిన తరవాత ఆయుధ బలం కర్మాగారం, దుకాణం, లైసెన్సుల మీద ఆధారపడింది. నల్లగొండలో సాయుధ పోరాటానికి గ్రామాలలోని భర్మార్లు, స్వాధీనం చేసుకొన్న రైఫిళ్ళు, కృష్ణా జిల్లా సరిహద్దు ఆధారమయ్యాయి. 1948 తరవాత సరిహద్దు అండ పోయింది. ప్రజల మద్దతు కూడా మారింది. ఆయుధ సరఫరాను రాజకీయ కారణాలతో కలిపి చూసినప్పుడే పోరాట చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. తెలంగాణ సాయుధ పోరాట దశలను ఆయుధ సరఫరా దృష్టితో విశ్లేషించండి.
2. తుపాకి సాంకేతికతలో వచ్చిన మార్పులు రాజ్యాధికారాన్ని ఎలా బలపరిచాయో వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 1878 ఆయుధాల చట్టం
2. మౌఖిక ఆధారాల సేకరణలో జాగ్రత్తలు

మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
1. మందును అంటించే రాగి టోపీల కోసం.
2. హైదరాబాద్ రాజ్యంలోని నల్లగొండ జిల్లా మధ్యలో ఉన్నా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందడం.