దిగులును చెప్పే స్పానిష్ క్రియ పూర్వచరిత్ర

స్పానిష్ నేర్చుకునేవారికి తొలి పాఠాల్లోనే ఎదురయ్యే ‘ప్రెఓకుపార్’ అనే క్రియకు నేడు దిగులు కలిగించడమని అర్థం చెబుతున్నప్పటికీ, ఆ అర్థం దానికి ఆలస్యంగా అబ్బినది. దీనికి మూలమైన లాటిన్ క్రియ ‘ముందుగా’ అనే ఉపసర్గకు ‘ఆక్రమించు’ అనే ధాతువు చేరి ఏర్పడింది. శత్రువు రాకముందే ఒక స్థలాన్ని వశపరచుకోవడం దాని తొలి అర్థం. క్రీ.పూ. 1వ శతాబ్దిలో జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధ చరిత్ర ఆరవ భాగంలో, భయం సైనికుల మనసులను ముందే ఆక్రమించిందని చెప్పడానికి దీనినే వాడాడు గనుక, నేల నుంచి మనసుకు అర్థం విస్తరించడం లాటిన్‌లోనే మొదలైంది.

అయితే ఆ విస్తరణ స్పానిష్‌లో నేరుగా దిగులు వైపు సాగలేదు. 1713లో ఏర్పడిన రాయల్ స్పానిష్ అకాడమీ 1726–1739 మధ్య ఆరు సంపుటాలుగా వెలువరించిన తొలి నిఘంటువు కాలంలో, ఈ క్రియకు ముందుగా ఆక్రమించడమనే అర్థంతోపాటు, వేరొక అభిప్రాయానికి చోటులేకుండా మనసును ముందే ఒక పక్షానికి మళ్లించడమనే అర్థం కూడా ఉండేది. అందువల్ల ఫెయిఖో, కదాల్సో వంటి ఆ శతాబ్దపు హేతువాద రచయితలు ‘ప్రెఓకుపసియోన్’ అన్నప్పుడు అది తరచు విచారణ లేకుండా పాతుకుపోయిన దురభిప్రాయమే తప్ప ఆందోళన కాదు.

దిగులును చెప్పడానికి పూర్వం ‘కుయిదాదో’, ‘పేన’ వంటి నామవాచకాలూ, ‘బరువు తూగు’ అనే అర్థం నుంచి ‘బాధ కలిగించు’ అనే అర్థానికి వచ్చిన ‘పెసార్’ అనే క్రియా వాడుకలో ఉండేవి. ‘మె పెస’ అన్నప్పుడు బాధపెట్టే విషయం కర్తగానూ, బాధపడే మనిషి ‘నాకు’ అనే రూపంలోనూ ఉంటారు గనుక, తరువాత వచ్చిన ‘మె ప్రెఓకుప’ అనే వాక్యానికి కావలసిన అచ్చు అప్పటికే భాషలో సిద్ధంగా ఉంది. ‘నాకు దిగులుగా ఉంది’ అనే తెలుగువారికి మనిషి కర్త స్థానంలో లేకపోవడం వింతగా తోచదు గాని, దిగులుకు కారణమైన విషయమే కర్తగా నిలిచి, క్రియ దానిననుసరించి ఏకవచన బహువచనాలుగా మారడాన్ని మాత్రం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసి ఉంటుంది.

మనిషినే కర్తగా నిలపదలచినప్పుడు ‘ప్రెఓకుపార్సె’ అనే ఆత్మార్థక రూపం, అంటే క్రియాఫలం కర్త మీదికే తిరిగివచ్చే రూపం, వాడుకలోకి వస్తుంది. దిగులుకు కారణాన్ని ‘పోర్’ సూచిస్తే, ఒక పనిని పట్టించుకుని చూసుకోవడాన్ని ‘దె’ సూచిస్తుంది. చనువున్నవారికి ‘నో తె ప్రెఓకుపెస్’ అనీ, గౌరవించవలసినవారికి ‘నో సె ప్రెఓకుపె’ అనీ ధైర్యం చెప్పే వాడుకలు దీని నుంచి వచ్చినవే. ‘మె ప్రెఓకుప కె’ తరువాత వచ్చే ఉపవాక్యంలో క్రియ సాధారణంగా సంభావనార్థకంలో, అంటే జరిగినదాన్ని నిర్ధారించి చెప్పక, దాని పట్ల మనసు స్పందనను తెలిపే రూపంలో ఉంటుంది. ఈ నియమాలు విద్యార్థికి విడివిడి నిబంధనలుగా కనిపించినా, విషయం ఆక్రమించేదిగానూ మనిషి ఆక్రమణకు లోనయ్యేవాడుగానూ ఉన్న పాత అర్థాన్ని ఎరిగినవారికి వాక్యంలో కర్త ఎవరో, మనిషి స్థానమేమిటో తేల్చుకోవడం సులువవుతుంది.