గౌతమీ ముఖమునుండి అంటిల్లీసు దీవులకు

కాట్రేనికోన సీమలో బలుసుతిప్ప, మగసానితిప్పల మడయడవులను దాటి గౌతమి సముద్రమును గలియుచోట, నదికి ఉత్తరపు టొడ్డున, కోరంగి, యానాము లను రేవులు రెండుండెను. కోరంగి 1839 నవంబరు నాటి ఉప్పెనలో పాడుపడినది. ఫ్రెంచివారి యానాము మాత్రము అంతకు మునుపే, 1828లో, పదునైదుగురు తెలుగు కూలీలను రీయూనియను దీవికి ఓడనెక్కించి, ఆ వలసకు శ్రీకారము చుట్టియుండెను.

1848లో ఫ్రాన్సు తన వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేయగా, అంటిల్లీసులోని గ్వాడెలూపు, మార్టినీకు దీవుల చెరకుతోటల యజమానుల చూపు మన తీరముపై బడినది. ‘ఒరేలీ’ యను నోడ 1853లో పుదుచ్చేరినుండి మార్టినీకును, మరుసటియేడు గ్వాడెలూపును జేరెను. పిమ్మటి వలసలో తమిళులతోపాటు తెలుగువారును గలరు.

తెరచాపల కాలమున దారిని నిర్ణయించు నధికారము గాలిది. ఈశాన్య ఋతుపవనముతో తీరము విడిచి, భూమధ్యరేఖ దాటినపిమ్మట ఆగ్నేయ వ్యాపారపవనముల నందుకొని, ఆఫ్రికా ప్రక్కగా దక్షిణమునకు బారు అగుల్హాసు ప్రవాహముపై గుడ్‌హోపు అగ్రమును చుట్టి, మరల ఆగ్నేయ పవనములతోడనే అట్లాంటికును వాయవ్యముగా గడచి దీవులను జేరుటకు సుమారు మూడు మాసములు పట్టుచుండెను. దక్షిణార్ధగోళపు చలికాలమున ఆ అగ్రమువద్ద పడమటి పెనుగాలు లెదురువీచును గావున, అంటిల్లీసునకు బోవు కూలీల ఓడలు ఆగస్టు మొదలు మార్చి నడిమివరకే బయలుదేరవలెనని 1861 నాటి ఆంగ్ల-ఫ్రెంచి ఒడంబడిక నిబంధించినది. ఇది దయయో, చచ్చిన కూలీ చెరకు నరకలేడను లెక్కయో! రెండును గలిసినవనియే నా యూహ.

ఐరోపానుండి ఆ దీవులకు బోవు నోడలదియు వంకరదారియే: కనారీ దీవులవరకు దిగి, వ్యాపారపవనములను పట్టి పడమరకు సాగెడివి, వచ్చునపుడు ఉత్తరమునకు మరలి, పడమటి గాలులతో అజోర్సు మీదుగా వచ్చెడివి. నేటి విమానము ప్యారిసునుండి గ్వాడెలూపునకు సుమారు 6,750 కిలోమీటర్లను ఎనిమిది తొమ్మిది గంటలలో దాటుచున్నను, దాని దారిని నిర్ణయించు నుద్యోగి ఆ గాలుల లెక్కనే వేయవలసియున్నది. పోవునపుడు ఎత్తున వీచు జెట్ స్ట్రీమ్‌ను తప్పించుకొనవలెను, వచ్చునపుడు దానినే సాయము గొనవలెను, రెండు ఇంజనులలో నొకటి చెడినచో దిగుటకు అజోర్సును చేరువలో నుంచుకొనవలెను. వెనుకనుండి వీచు ఆ గాలి సాయముచేతనే తిరుగుప్రయాణము పొట్టిది.

ఆనాటి కూలీలకు మాత్రము తిరుగుప్రయాణమే దుర్లభమయ్యెను. ఐదేండ్ల ఒప్పందము తీరినపిమ్మట ఉచితముగా స్వదేశము చేర్చవలెనని కాగితముపై నున్నను, 1888లో బ్రిటిషు ప్రభుత్వము వలసను నిషేధించునాటికి గ్వాడెలూపు చేరిన సుమారు 42,000 మందిలో అధికసంఖ్యాకులు తిరిగి రాలేదు. మృత్యువు కొందరిని, మరల వ్రాయించుకొన్న ఒప్పందములు కొందరిని అచటనే నిలిపినవి.