వయసుతో పాటు రక్తపోటు పెరగడం సహజమేనా?

"అరవై ఏళ్లవాడికి నూట అరవై బి.పి. మామూలే" అనే మాట నేటికీ మన ఇళ్లలో వినబడుతూనే ఉంది. ఇది ఎవరో పామరులు పుట్టించిన మాట కాదు. 100కు వయసు కలిపితే వచ్చే సంఖ్యే పై బి.పి.కి హద్దని ఒకప్పుడు వైద్యులే నమ్మేవారు. గట్టిపడిన ధమనులలో రక్తం సాగాలంటే అంత పీడనం అవసరమని వారి భావన. ఆ నమ్మకం ఎలా కూలిపోయిందో మీరు తెలుసుకోవాలి.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ రక్తపోటు 1937లో 162/98, 1941లో 188/105. ఆయన వయసుకు అది మామూలేనని వ్యక్తిగత వైద్యుడు తలచాడు. 1944లో హృద్రోగ నిపుణుడు హోవర్డ్ బ్రూయెన్ పరీక్షించేసరికే గుండె బలహీనపడింది. ఉప్పు తగ్గించమనడం, విశ్రాంతి, డిజిటాలిస్ మినహా ఆయన చేయగలిగింది స్వల్పం. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై, 63వ ఏట రూజ్వెల్ట్ కన్నుమూశారు. ఆ రోజు నమోదైన రక్తపోటు 300/190.

నాటికి అమెరికాలో మరణాలకు గుండెజబ్బే మొదటి కారణం. కానీ అది ఎవరికి, ఎందుకు వస్తుందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. అందుకే 1948లో బోస్టన్ నగరానికి సమీపంలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో ఒక అధ్యయనం ఆరంభమైంది. 5,209 మంది స్త్రీపురుషులను ఎంచుకొని, రెండేళ్లకొకసారి పరీక్షించసాగారు. జబ్బు వచ్చాక కారణం వెతకడం కాదు. రాకముందే అన్నీ రాసిపెట్టుకొని, ఓపికగా వేచి చూడడం దీని విశిష్టత.

1957 నాటికే అధిక రక్తపోటు గలవారిలో గుండెజబ్బు ఎక్కువని తేలింది. 1961లో విలియం కానెల్ బృందం కొలెస్టరాల్‌నూ జతచేసి, "ముప్పు కారకాలు" అనే భావనకు ప్రాచుర్యం కల్పించింది. పొగతాగడం, మధుమేహం తరువాత ఆ వరుసలో చేరాయి.

మరి, తగ్గిస్తే మేలు కలుగుతుందా? 1967లో ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వంలో జరిగిన పరిశోధన దీనికి జవాబిచ్చింది. కింది బి.పి. 115 నుండి 129 మధ్య ఉన్న 143 మంది పురుషులలో, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 70 మందిలో 27 మందికి తీవ్ర ఉపద్రవాలు సంభవించాయి. అసలు మందు వాడిన 73 మందిలో అవి ఇద్దరికే.

అమెరికా శ్వేతజాతీయుల లెక్కలు మనకు వర్తిస్తాయా అని మీరు అడగవచ్చు. భారతదేశంతో సహా 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెల్లడించింది కూడా ఇదే: ముప్పు కారకాలు అంతటా దాదాపు అవే.

"నాకే బాధా లేదు, మందెందుకు?" అని ఆసుపత్రిలో ఎందరో నన్ను అడిగేవారు. బాధ లేకపోవడమే ఈ జబ్బు స్వభావం. కనుక 30 ఏళ్లు దాటినవారందరూ బి.పి., చక్కెర పరీక్షించుకోండి. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకుండా, ఊరగాయలూ అప్పడాలూ తగ్గించండి. పొగాకు మానండి. రోజూ నడవండి. బి.పి. అదుపులోకి వచ్చిందని మాత్ర మీ అంతట మీరు ఆపకండి. అదుపులో ఉన్నది ఆ మాత్ర వల్లనే. రూజ్వెల్ట్‌కు దొరకని ఆ మందు నేడు మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా లభిస్తోంది.